మూడో వరస ఎలుకలు

ఫిబ్రవరి 3

చీమ తల్లికి,

మామయ్య రాస్తున్నది. బతికే ఉన్నాను. నువ్వడగలేదు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది. నీ ఉత్తరం చూసి రెండు నెలలు దాటింది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నలభై ఏళ్ళు అచ్చుయంత్రాల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఆ యంత్రాలు ఇప్పటికీ నా చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి. నువ్వు అటునుంచి అరుస్తావు, నేను ఇటునుంచి "ఆఁ, ఆఁ" అంటాను, మీ అత్త ఫోన్ లాక్కుని నా మీద చాడీలు చెబుతుంది. కాగితమే నయం. మీ అత్తలాగా మధ్యలో అడ్డు రాదు.

ఇంతకీ ఎందుకు రాస్తున్నానంటే, మన వీధి చివర దర్జీ నీకు గుర్తున్నాడు కదా. నీ స్కూలు గౌను ఎప్పుడూ రెండంగుళాలు పొడుగ్గా కుట్టి "పెరిగే పిల్ల" అనేవాడు. ఆయనకి మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ లేచింది. గీకి తీసేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత, పసిపిల్లలకి క్షయ రాకుండా వేసే టీకా మందు తెచ్చి, వారానికోసారి ఆరు వారాలు, గొట్టం పెట్టి లోపల పోశారట! అందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులేనని నర్సు చెప్పేసరికి ఈయన మండిపడుతూ మా ఇంటికొచ్చాడు. "ఒక రోగం చాలదని రెండోది పోస్తున్నారండీ! నేను మనిషినా, కుడితి తొట్టినా?" అని. జ్వరం వచ్చింది, మంట వచ్చింది, ఆస్పత్రినీ నన్నూ కలిపి తిట్టాడు. నన్నెందుకంటే, నా మేనకోడలు ఆ శాఖలోనే ఉందట. మొన్న పరీక్ష చేస్తే గడ్డ ఆనవాలు లేదు. నిన్నటినుంచి మళ్ళీ మిషను తొక్కుతున్నాడు. తిట్టడం మాత్రం మానలేదు.

రోగం రోగాన్ని తినడమేమిటే? నా చదువు సంగతి నీకు తెలుసు. పదహారు పేజీల ఫారం చొప్పున నేర్చుకున్నది. ప్రెస్సుకి వైద్యగ్రంథం వచ్చినప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఉన్న ఫారాలు నాకొచ్చాయి. కాలేయం, ప్లీహం పక్క బల్ల ఆయనకి వెళ్ళాయి. అందుకని గుండె గురించి ఎవరడిగినా చెప్పగలను, ప్లీహం దగ్గర మాత్రం పామరుణ్ణి. నువ్వు చూస్తే ఆ ప్లీహాన్నే పట్టుకుని పదకొండేళ్ళు జ్వరాల మీద పరిశోధించావు, ఇప్పుడు పదేళ్ళుగా క్యాన్సర్ అంటున్నావు. ఈ రెండింటికీ చుట్టరికమేమిటో రాయి.

వినబడకపోయినా వినేవాడు,
మామయ్య

ఫిబ్రవరి 16

మామయ్యకి,

అత్తని ఏమీ అనకుండా ఒక్క ఉత్తరం రాయలేవా? నీ కాగితం అంచున ఆవిడ పెన్సిల్‌తో "చదివాను" అని రాసింది. తరవాత నీ ఇష్టం.

దర్జీగారి సంగతి. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. పరాయి సూక్ష్మజీవి వస్తే పట్టుకుంటాయి. క్యాన్సర్ గడ్డ పరాయిది కాదు, మన ఒంట్లోనే పుట్టింది. ఇంటి మనిషే కదా అని కాపలావాళ్ళు కునుకు తీస్తారు. వీధిలో దొంగలు పడ్డారని కేక వినబడితే లేచి ఇల్లంతా గాలిస్తారు చూడు, అప్పుడు మంచం కింద ఎన్నాళ్ళుగానో దాక్కున్నవాడు కూడా దొరుకుతాడు. ఆ టీకా అలాంటి కేక. అన్ని క్యాన్సర్లకీ పనిచెయ్యదు, అందరికీ పనిచెయ్యదు. నువ్వు ఈ కథ వీధిలో చెప్పేటప్పుడు ఆ చివరి వాక్యం వదిలేస్తావు. వదలకు.

నేను రాయకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. మా ల్యాబు పెద్దని మేం నిండుకుండ అంటాం. దేనికీ తొణకడు. గదికి నిప్పంటుకున్నా "చూద్దాం" అంటాడు. ఆయన తయారుచేసిన కొత్త మందుని గడ్డలున్న ఎలుకల మీద చూస్తున్నాం. మూడు వరసల బోన్లు. పై వరసకి ఉత్త ఉప్పునీళ్ళ సూది, మధ్య వరసకి పాత మందు, కింద మూడో వరసకి కొత్త మందు. మూడో వరసలో గడ్డలు సగానికి సగం కరిగిపోయాయి. నిండుకుండ మొదటిసారి తొణికాడు. అందరికీ టీ ఇప్పించాడు.

జంతుశాల చూసుకునే ఆమెని ఎలుకలమ్మ అంటాం. పందొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. బోను శుభ్రం చేసినప్పుడల్లా చూసింది చూసినట్టు ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తుంది. ఎవరూ చదవరు. నేను చదువుతాను, జ్వరాల కాలంనాటి అలవాటు. అందులో ఇలా ఉంది: "బోన్లలో పరిచే రంపపు పొట్టు అయిపోయింది. పక్క గదిలోంచి సగం బస్తా తెచ్చి వేశాను. మూడో వరసకే సరిపోయింది." వారం తరవాత: "మూడో వరస. పెంటికలు పల్చన. తిండి తక్కువ." ఆ పక్క గది ఎలుకలకి అప్పుడు పేగుల వైరస్ ఉంది, మామయ్యా!

వెళ్ళి చెప్పాను. "సార్, మూడో వరస ఎలుకలకి విరేచనాలయ్యాయండీ. గడ్డల్ని కరిగించింది మందో, ఆ వైరస్సో చూడాలి."

"విరేచనాలా? నన్నిప్పుడు వెళ్ళి తుడవమంటారా అమ్మా?" అని, అందరూ నవ్వేదాకా ఆగి, వెళ్ళిపోయాడు.

క్యాన్సర్‌వాళ్ళ లెక్కలో నేను ఇప్పటికీ "జ్వరాలామె"నే. అందుకని ఎలుకలమ్మా నేనూ కలిసి పోయిన వారం మళ్ళీ మొదలుపెట్టాం. శుభ్రమైన ఎలుకలకి మందు మాత్రం. ఇంకొన్నిటికి మందు లేకుండా వైరస్ మాత్రం. ఐదు వారాలు పడుతుంది.

చీమ

ఫిబ్రవరి 27

చీమా,

నీ ఉత్తరం దర్జీకి రెండుసార్లు చదివి వినిపించాను. చివరి వాక్యం వదల్లేదు. "అయితే ఇన్నాళ్ళూ నా ఒంట్లో కాపలావాళ్ళు నిద్రపోయారా? వాళ్ళని పనిలో పెట్టిందెవరండీ?" అని కొత్తగా మండిపడ్డాడు. మనిషికి మంట అలవాటైపోయింది.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళని చాలామందిని చూశాను. ఎలుక పెంటిక తవ్వి కొండను పట్టబోతున్నదానివి నువ్వొక్కదానివే. గడ్డని కరిగించింది వైరస్సేనని తేలితే ఆ గొప్ప ఎవరిది? నోటుబుక్కు చదివినదాని గొప్ప. పేపరు రాసేటప్పుడు నీ పేరు ముందు వేయించుకో. ఎందుకంటున్నానో విను.

ఒక పండితుడు చరిత్ర పుస్తకం అచ్చుకి తెచ్చాడు. ఆరువందల పేజీలు. మూడో అధ్యాయంలో చచ్చిపోయిన రాజు ఐదో అధ్యాయంలో పెళ్ళి చేసుకుంటున్నాడు. నేను పట్టుకున్నాను. తారీఖులన్నీ సరిచేశాను, రెండు అధ్యాయాలు కొత్తగా రాసిచ్చాను. పుస్తకానికి బహుమతి వచ్చింది. ముందుమాటలో నా పేరుకోసం భూతద్దం పెట్టి వెతికాను. "ముద్రణాలయ సిబ్బందికి" కృతజ్ఞతలున్నాయి. ఊడ్చేవాళ్ళనుంచి యజమాని దాకా పధ్నాలుగు మందిమి ఆ రెండు మాటల్లో ఇరుక్కుని కూర్చున్నాం. "పోనిద్దురూ, చచ్చిన రాజుకి పెళ్ళి తప్పించారు, అదే పుణ్యం" అంది మీ అత్త. పోనిచ్చాను. పోలేదు.

నీకలా జరగనివ్వను.

ముద్రణాలయ సిబ్బందిలో ఒకడు,
మామయ్య

మార్చి 20

మామయ్యా,

ఫలితం వచ్చింది. నేననుకున్నదే నిజం. నిండుకుండ పేపరు త్వరలో పత్రికకి వెళ్తోంది, అందులో నా పేరు లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి గదిలో అందరి ముందూ అరిచాను. తరవాత రాస్తాను.

చీమ

మార్చి 25

చీమా,

నీ నాలుగు ముక్కలు అందాయి. ఆయన నిండుకుండ కాదే, అడుగున చిల్లున్న కుండ. అందుకే తొణకదు. ఎంత పోసినా నిండదు, పక్కవాళ్ళ బావి ఎండిపోతుంది.

నేను చేతులు ముడుచుకు కూర్చోలేదు. మీ సంస్థ పెద్దావిడకి ఉత్తరం రాశాను. ఐదు పేజీలు. మీ అత్త "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ" అంది. కంద అందరి ముందూ అరిచిందట, ఇంకా కత్తిపీట చూస్తూ కూర్చోవాలా అన్నాను. నేనే నడిచి వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను.

ఇలా రాశాను: "ఒకరి పంట ఇంకొకరి గాదెలో పోసుకోవడం దొంగతనమని చిన్నపిల్లలకి నేర్పుతాం. మీ సంస్థలో దానికి పరిశోధన అని పేరు పెట్టినట్టున్నారు. ఆ ఎలుకల మర్మం పట్టుకున్నది నా మేనకోడలు. ఆమె పేరు తీసేసి పేపరు పంపితే నేను వచ్చి మీ గేటు ముందు కూర్చుంటాను. నాకు చెవులు వినబడవు కనక మీ కాపలావాడు ఎంత అరిచినా లేవను." చివరి వాక్యం బాగా కుదిరిందని నాకే అనిపించింది.

ధైర్యంగా ఉండు.

మామయ్య

మార్చి 26

మామయ్యా,

ఇప్పుడు కోపం కాస్త కుదురుకుంది. వివరంగా రాస్తున్నాను.

శుభ్రమైన ఎలుకలకి మందిస్తే గడ్డలు కరగలేదు. ఒక్కదాంట్లో కూడా. మందు లేకుండా వైరస్ ఒక్కటే ఇచ్చినవాటిలో కరిగాయి. రెండుసార్లు కొలిచాను. ఎలుకలమ్మ పక్కనే నిలబడి అంకెలు రాసుకుంది. తీసుకెళ్ళి నిండుకుండ బల్ల మీద పెట్టాను. చదవలేదు. కాగితాలు తిప్పి బోర్లా పెట్టి, "ఇంత చిన్న ప్రయోగం దేన్నీ రుజువు చెయ్యదమ్మా" అన్నాడు. ఆయన ప్రయోగమూ అంతే చిన్నది!

పేపరులో మందే గడ్డల్ని కరిగించిందని రాశాడు. పొట్టు బస్తా మాట లేదు. విరేచనాల మాట లేదు. ఇంకా దారుణం, ఆ పేపరు చూపించి మందుని మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి అడుగుతున్నాడు. నలభై మంది. ఇప్పుడు వాడుతున్న వైద్యం మానేసి ఈ మందుకి రావాలి. నాలుగు నెలలు. ఆ గడ్డలతో నాలుగు నెలలంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

అరిచింది అందుకు. పేరుల పట్టీలో నా పేరు మూడోది. పెన్ను తీసి అందరి ముందూ నేనే కొట్టేశాను. కాగితం చిరిగింది. అబద్ధం కింద నా పేరు ఉండకూడదు, అంతే. ఇది నువ్వైనా అర్థం చేసుకుంటావని రాస్తున్నాను.

చీమ

ఏప్రిల్ 9

మామయ్యా,

నువ్వు రాసిన ఐదు పేజీలూ చేరాయి. చాలా బాగా చేరాయి.

పెద్దావిడ మా ఇద్దర్నీ పిలిచింది. బల్ల మీద నీ ఉత్తరం, కొన్ని చోట్ల ఎర్రగీతలు. "ఒక స్త్రీ శ్రమని ఇలా తుడిచేస్తే నా సంస్థలో సహించను" అంది. నిండుకుండ తల వంచుకుని, "పొరపాటేనండీ. ఇప్పుడే సరిదిద్దుతాను. మొదటి పేరు ఆమెదే" అన్నాడు. "నాకు పేరు వద్దండీ, ఆ పేపరే తప్పు" అన్నాను. ఆవిడ జాలిగా నా భుజం తట్టి, "మొహమాటపడకమ్మా. ఇంటి పెద్దవారు ఇంత బాధపడి రాశాక కూడానా?" అంది. నేను చెప్పేది ఎవరు వింటారు? నువ్వు అంత చక్కగా రాశాక!

బయటికొచ్చాక నిండుకుండ నాతో ఏమన్నాడో తెలుసా? "మీ మామయ్యగారి చెయ్యి గొప్పదండీ. ఆ గేటు వాక్యం మా ఇంట్లో చదివి వినిపించాను."

ఇప్పుడు ఆ పేపరు మీద మొదటి పేరు నాది. మనుషుల మీద మందు విఫలమైన రోజు అందరూ చూసేది మొదటి పేరునే. ఆయన అందుకే అంత హాయిగా ఒప్పుకున్నాడు. రచయితలందరూ సంతకం చేస్తేగాని పత్రిక తీసుకోదు. ఆ కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెడితే రెండు గదుల సొంత ల్యాబు, తలుపు మీద నా పేరు. పెట్టకపోతే జూన్ నెలాఖరుతో నా ఒప్పందం సరి. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని జ్వరాలామె అన్నారు కదమ్మా, ఇకమీదట ఎవరంటారు?" అన్నాడు.

నేను సంతకం పెట్టను. కానీ మామయ్యా, ఒక గంటసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకు నలభై ఏడేళ్ళు, ఇప్పటిదాకా నాకంటూ ఒక తలుపు లేదు. నన్ను ఆ గంట కూర్చోబెట్టినందుకు నీ మీద కోపం.

ఇంకెవరికీ ఏమీ రాయకు. పోస్టాఫీసు వైపు కూడా వెళ్ళకు.

చీమ

ఏప్రిల్ 15

అమ్మాయికి,

ఇది అత్త తీసుకెళ్ళి పోస్టులో వేసింది. నేను వెళ్ళలేదు.

నలభై ఏళ్ళలో రచయితని అడగకుండా ఒక్క అక్షరం మార్చలేదు నేను. అనుమానం వస్తే అంచున ప్రశ్నార్థకం వేసి పంపేవాణ్ణి. కొట్టేసిన మాట కనబడితే, ఎవరు కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు అని మొదట అడగాలి. కుర్రవాళ్ళకి అది నేర్పినవాణ్ణి. నీ పేరు కొట్టేసి ఉందనగానే ఆ ప్రశ్న అడగలేదు. నీ పేరు చోట నా పేరు కనబడింది. ఆ చరిత్ర పండితుడి మీద కోపం ముప్పై ఏళ్ళు దాచుకుని తీసుకెళ్ళి నీ నెత్తిన దించాను.

దర్జీకి చెప్పాను. నా వైపు మాట్లాడతాడనుకున్నాను. "నలభై మందిని నాలాగే మంచాల మీద పడుకోబెట్టి, పోసేది మందు కాదని తెలిసీ పోస్తారా?" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన మిషను తొక్కడం ఆపి లేవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

నువ్వు చెప్పేదాకా ఎవరికీ ఒక్క ముక్క రాయను.

మామయ్య

మే 4

మామయ్యా,

ఇప్పుడు రాయాలి. చెబుతున్నాను, జాగ్రత్తగా చదువు.

సంతకం పెట్టనని చెప్పి, నా కొలతలూ ఎలుకలమ్మ నోటుబుక్కు పేజీలూ కలిపి పత్రికకి పంపాను. వాళ్ళు పేపరు ఆపి సంస్థని వివరణ అడిగారు. దాంతో సంస్థ ముగ్గురితో విచారణ సంఘం వేసింది. మొదటిరోజే నీ ఉత్తరం తీశారు. "మార్చిలో పేరు కావాలని ఇంటివాళ్ళతో రాయించారు. పేరు ఇచ్చాక పేపరే తప్పంటున్నారు. అమ్మా, మీకసలు ఏం కావాలి?" అని ఒకాయన నవ్వుతూ అడిగాడు. నిండుకుండ నవ్వలేదు. జాలిగా చూశాడు. నవ్వినా బాగుండేది.

మొదట పేరు తీసేశారన్న కక్షతో ఇదంతా చేస్తున్నాననే వాళ్ళ నమ్మకం. అది పోతేగాని నా అంకెలు చూడరు. మార్చి 26న నేను నీకు రాసిన ఉత్తరం ఉందా? ఆ రోజు గదిలో చూసినవాళ్ళెవరూ నోరు విప్పరు, నీ ఫిర్యాదు ఇక్కడికి చేరకముందే నేను పేరు కొట్టేసుకున్నానని తెలిపేది అదొక్కటే.

ఒక్క పేజీ రాయి. రాజులొద్దు, గాదెలొద్దు, గేటు వద్దు.

చీమ

మే 9

చీమా,

పంపాను. నకలు ఇది:

"మార్చి 25న సంస్థ పెద్దగారికి ఉత్తరం రాసినది నేను. నా మేనకోడలు రాయమనలేదు. రాసినట్టు ఆమెకి తెలియదు. ఆమె పేరు ఎవరో తీసేశారనుకున్నాను. తీసేసుకున్నది ఆమె. కారణం మార్చి 26న ఆమె నాకు రాసిన ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరాన్ని, పోస్టు ముద్ర ఉన్న కవరుతో సహా జతచేస్తున్నాను. నా ఆరోపణ తప్పు. ఆమె అంకెలు చదవండి."

మొదటి చిత్తు నాలుగు పేజీలు వచ్చింది. మీ అత్త పెన్సిల్ పట్టుకుని కూర్చుని, "ఇది మీ గొప్ప, ఇదీ మీ గొప్పే" అంటూ కొట్టుకుంటూ పోయింది. చివరికి ఇంత మిగిలింది. ఇది పూర్తిగా నిజం.

మామయ్య

ఆగస్టు 2

మామయ్యకి, అత్తకి,

అయింది. విను, తరవాత తిట్టు. దర్జీగారిని కూడా పిలు.

నీ పేజీ చదివాక సంఘం నా అంకెలు చూసింది. వేరే ఊళ్ళో, వేరే జంతుశాలలో మళ్ళీ చేయించారు. మందు ఏమీ చెయ్యలేదు. నలభై మంది పరీక్ష ఆగిపోయింది. పేపరు వెనక్కి తీసుకున్నారు, "సాంకేతిక కారణాల వల్ల". తప్పు జరిగిందన్నారు, చేసినవాళ్ళు మాత్రం లేరట. తనంతట తానే జరిగిపోయింది!

నా ఒప్పందం జూన్‌తో సరి. నిండుకుండని ఏమన్నారనుకుంటున్నావు? జంతుశాలల పరిశుభ్రతకి కొత్త సంఘం వేసి దానికి అధ్యక్షుణ్ణి చేశారు. మొదటి సమావేశంలో "ఒక్క సంచీ పొట్టు చాలు, సంవత్సరాల శ్రమని పాడుచెయ్యడానికి" అని గంటసేపు ఉపన్యసించాడట. శిక్ష పడింది ఒక్క ఎలుకలమ్మకి. పక్క గది బస్తా వాడినందుకు. సీసాలు కడిగే గదికి మార్చారు. అంతటితో ఆగలేదు. ఇకమీదట జంతుశాలలో నోటుబుక్కులు వద్దట, అచ్చుకాగితంలో టిక్కులు పెడితే చాలట. ఆ కాగితం తెప్పించుకుని చూశాను. "పెంటికలు పల్చన" అని రాయడానికి అందులో గడి లేదు. నిజం రాసినవాళ్ళని కడిగే గదికి పంపి, నిజం రాసే చోటే లేకుండా చేశారు. ఒళ్ళు మండిపోతోంది, మామయ్యా. ఈ మంట చల్లారకూడదని కూడా ఉంది.

నేనిప్పుడు ఒక ఆస్పత్రిలో, రక్తపరీక్షల గది వెనక ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నాను. తలుపు లేదు, తెర ఉంది. వైరస్ గడ్డల్ని ఎలా కరిగించిందో నా అంకెలతో పేపరు రాస్తున్నాను. ఏ కాపలా కణాలు లేచాయో ఇంకా పూర్తిగా తెలియదు, తెలియదనే రాశాను. మొన్న సీసాలు కడిగే గదికి వెళ్ళాను. ఎలుకలమ్మ మోచేతుల దాకా నురగలో ఉంది. పేపరు మీద ఆమె పేరు కూడా వేస్తానని చెప్పాను.

"నా పేరెందుకమ్మా? పొట్టు మార్చాను, అంతేగా" అంది.

"మార్చినట్టు రాశారు కదా."

కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"ఇది రేపు తప్పని తేలితే నన్ను కూడా అడుగుతారా?"

"అడుగుతారు."

"మిమ్మల్ని అడిగినట్టే?"

"నన్ను అడిగినట్టే."

"అయితే వెయ్యండి" అంది.

చీమ